స్కూల్లో చెత్త తగ్గాలంటే డబ్బాల కంటే ముందు చూడాల్సినవి

టీచర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ స్కూల్లో 600 మంది పిల్లలు. ఆరు నెలల కిందట మూడు రంగుల డబ్బాలు కొని వరండాల్లో పెట్టారు. పోస్టర్లు అతికించారు, అసెంబ్లీలో పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించారు. నెల రోజులు బాగానే నడిచింది. ఇప్పుడు ఏ డబ్బా మూత తీసినా అన్నీ కలిసిపోయే ఉంటున్నాయి. పాత కాగితం తీసుకెళ్లేవాళ్లు తడిసిపోయి కంపు కొడుతోందని వద్దంటున్నారు. పిల్లలకు క్రమశిక్షణ లేదని కొందరు టీచర్లు, జరిమానా వేద్దామని ఇంకొందరు అంటున్నారు. కంపోస్టు యంత్రం ఒకటి కొంటే ఈ సమస్య తీరుతుందా అని మీరు అడిగారు.

జరిమానా ఆలోచన వదిలేయండి. యంత్రం సంగతి చివర్లో చెప్తాను. చాలా ఏళ్లుగా స్కూళ్లలో ఈ పని చేస్తున్నాను. పిల్లల వల్ల ఆగిపోయిన చోటు నేను ఒక్కటి కూడా చూడలేదు. ఆగిపోయిన ప్రతిచోటా పెద్దవాళ్లు రెండు సంగతులు తేల్చుకోకుండా డబ్బాలు కొన్నారు. వేరు చేసిన చెత్త ఆ తర్వాత ఎటు పోతుందన్నది ఒకటి. అసలు అది స్కూల్లోకి ఎలా వస్తోందన్నది రెండోది. డబ్బా ఈ రెండింటికీ మధ్యలో వచ్చే వస్తువు. మీరు మధ్యలో మొదలుపెట్టారు, అందుకే ఆగింది.

నేనూ ఒకప్పుడు అదే తప్పు చేశాను. నాలుగు అంతస్తుల స్కూలు. ప్రతి అంతస్తులో మూడేసి డబ్బాలు పెట్టించాను. పిల్లలు చక్కగా వేరు చేసి వేసేవాళ్లు. ఒకరోజు ఐదో తరగతి పాప నా దగ్గరికొచ్చి, "సార్, ఆంటీ మూడు డబ్బాలూ ఒకే బండిలో పోసేస్తోంది. మరి మేం ఎందుకు వేరు చేయాలి?" అని అడిగింది. వెళ్లి చూస్తే నిజమే. శుభ్రం చేసే ఆమె దగ్గర ఉన్నది ఒకటే బండి. మూడుసార్లు కిందికీ పైకీ తిరిగేంత టైం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. వెనక షెడ్డులో వేరువేరుగా పోసుకోవడానికి చోటూ లేదు. ఆమె తప్పు ఏముంది? ఆమెను అడగకుండా ఏర్పాటు చేసింది నేను. ఆ పాప చూసింది వారంలో స్కూలంతా తెలిసిపోయింది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

అందుకే మీరు ముందుగా మాట్లాడాల్సింది పిల్లలతో కాదు, ఊడ్చే సిబ్బందితో. కూర్చోబెట్టి అడగండి. ఏ గదిలో చెత్త ఎక్కువ వస్తోంది, ఏ టైంకి డబ్బాలు నిండిపోతున్నాయి, ఏది ఎత్తడం కష్టంగా ఉంది, చెత్త బయటికి ఎప్పుడు వెళ్తుంది, ఎక్కడ పోస్తున్నారు. స్కూలు చెత్త గురించి వాళ్లకు తెలిసినంత ప్రిన్సిపాల్‌కు కూడా తెలియదు. వాళ్ల పని పెంచే ఏ ఏర్పాటూ నిలబడదు. రెండు అరలున్న బండి, మంచి గ్లవ్స్, వెనక మూడు గదులుగా అడ్డం కట్టిన షెడ్డు, ఈ మూడూ డబ్బాల కంటే ముందు కావాలి.

ఆ తర్వాత చెత్త తీసుకెళ్లేవాళ్లను కలవండి. స్థానిక సంస్థ బండి కావచ్చు, పాత సామాను కొనేవాళ్లు కావచ్చు. "మీరు రీసైకిల్ చేస్తారా?" అని అడిగితే చేస్తామనే అంటారు. అలా కాకుండా వస్తువులు చేతిలో పట్టుకెళ్లి ఒక్కొక్కటీ చూపించి అడగండి: ఇది తీసుకుంటారా, ఇది? కాగితంలో రంగు కాగితం కలిస్తే పర్వాలేదా? స్టేపుల్ పిన్ను తీయాలా? సీసా మూతతో ఇవ్వాలా, మూత తీసి ఇవ్వాలా? కనీసం ఎంత పోగైతే వస్తారు? ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది? వాళ్లు వద్దన్నదాన్ని రీసైక్లింగ్ డబ్బాలో వేయించడంలో అర్థం లేదు. మంచి ఉద్దేశంతో వేసిన అలాంటి వస్తువే మిగతా మంచి సరుకును కూడా పాడు చేస్తుంది. మీ దగ్గర జరిగింది అదే. సగం తాగిన జ్యూస్ డబ్బా ఒకటి పడితే చాలు, కింద ఉన్న కాగితమంతా పనికిరాకుండా పోతుంది.

ఇక తూకం. దీన్ని మాత్రం దాటేయకండి. పరీక్షలు, పండగలు, ఫంక్షన్లు లేని వారంలో వరసగా మూడు రోజుల చెత్త తూచండి. ప్రతి సంచి మీద అది ఎక్కడిదో రాయించండి: తరగతి గదులు, స్టాఫ్ రూమ్, ఆఫీసు, భోజనాల చోటు, ఆటస్థలం. మైదానంలో పెద్ద పట్టా పరిచి పై తరగతుల పిల్లలు ఓ ఇరవై మంది, టీచర్లు ముగ్గురు గ్లవ్స్, మాస్కులు వేసుకుని కుప్పలుగా వేరు చేయాలి. కుప్పలు మరీ ఎక్కువ వద్దు. తినకుండా వదిలేసిన ఆహారం, తొక్కలు, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం, రెండువైపులా వాడేసిన కాగితం, గట్టి ప్లాస్టిక్, రేపర్లు, లోహపు డబ్బాలు, మిగిలినవి. ఒక్కో కుప్పనూ వేలాడే కాటాతో తూచి రాసుకోవాలి. టాయిలెట్ల చెత్త, మెడికల్ రూమ్ చెత్త తెరవనే కూడదు. వాటి సంచులు మూసే ఉంచి బరువు మాత్రం తూయండి. పగిలిన గాజు కనిపిస్తే పెద్దవాళ్లే తీయాలి.

ఆహారం కుప్పను తొక్కలతో కలపకుండా తూయమన్నాను, అందుకు కారణం ఉంది. తొక్క ఎలాగూ వస్తుంది, దానికి కంపోస్టే దారి. తినాల్సింది తినకుండా పారేయడం వేరే సమస్య, దాని మందు వేరు. కాగితం విషయమూ ఇంతే. ఒకవైపు ఖాళీ ఉన్న కాగితం చెత్త కాదు, ఇంకా వాడని కాగితం.

తూచాక వచ్చిన అంకెలను ఏడాదికి లెక్క కట్టి చూడండి. మీ 600 మంది పిల్లలు ఒక్కొక్కరు రోజుకు 50 గ్రాముల తిండి వదిలేస్తున్నారనుకుందాం, రెండు మూడు ముద్దలు అంతే. రోజుకు 30 కిలోలు అవుతుంది. 200 పని దినాలకు 6 టన్నులు. కాగితం ఇంకా తేలిక లెక్క. మామూలు 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం బరువు 5 గ్రాములు. ఏ0 సైజు అంటే ఒక చదరపు మీటరు, అందులో పదహారో వంతు ఏ4, 80ని 16తో భాగిస్తే 5. పిల్లకు రోజుకు ఒక్క కాగితం చొప్పున పోతోందంటే 200 రోజుల్లో 1,20,000 కాగితాలు, అంటే 240 రీములు, 600 కిలోలు. ఈ లెక్కను ఆరో తరగతి పిల్లల చేతే బోర్డు మీద చేయించండి. వాళ్లు చేసిన లెక్క వాళ్లకు గుర్తుంటుంది. పోస్టర్ మీద మనం రాసింది ఉండదు.

చాలా స్కూళ్లలో బరువు పరంగా మొదటి స్థానం తిండిదే. దాని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని అందరూ కంపోస్టుకు వదిలేసి ఊరుకుంటారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద ఇళ్లు, హోటళ్లూ క్యాంటీన్లూ, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం పారేశాయి. స్కూలు క్యాంటీన్ కూడా అందులో ఒక చిన్న భాగమే. పారేసిన తిండి చెత్తకుప్ప అడుగున గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. కంపోస్టు చేస్తే ఈ మీథేన్ చాలావరకు తప్పుతుంది. కానీ పండించడానికి పోసిన నీళ్లు, రవాణాకు కాల్చిన ఇంధనం, వంటమనిషి పడ్డ శ్రమ తిరిగి రావు. ప్లేటులో మిగలకుండా చూడటమే అన్నిటికంటే మంచి పని.

పిల్లలు ఎందుకు వదిలేస్తున్నారో భోజనాల చోట నిలబడి చూడండి. నాకు ఎక్కువగా కనిపించింది టైం లేకపోవడం. బెల్లు కొట్టాక చేతులు కడుక్కుని, వరసలో నిలబడి, ప్లేటు తీసుకుని కూర్చునేసరికి సగం సమయం అయిపోతుంది. పైగా భోజనం తర్వాత ఆట ఉంటే పిల్లవాడి మనసంతా బయటే ఉంటుంది, సగం తిని లేస్తాడు. ఆటను ముందుకు, భోజనాన్ని తర్వాతకు మార్చి చూడండి. ఆడి ఆకలితో వస్తారు, తొందర ఉండదు. టైమ్‌టేబుల్‌లో ఒక్క మార్పు, ఖర్చేమీ లేదు. ఇంత సులువైన మార్పును ప్రిన్సిపాళ్లు ఎందుకు వాయిదా వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండోది వడ్డన. ఒకటో తరగతి పాపకూ పదో తరగతి కుర్రాడికీ ఒకే గరిటెతో ఒకే కొలత వేస్తే పాప ప్లేటులో మిగులుతుంది, కుర్రాడికి చాలదు. ముందు కొంచెం వేసి, కావాలంటే మళ్లీ రమ్మనండి. రెండోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లలు ఉంటారు, వాళ్ల దగ్గరికి వడ్డించేవాళ్లే వెళ్లాలి. చిన్న పిల్లలకు పండు ముక్కలు కోసి ఇవ్వండి. పాలపళ్లు ఊడిన వయసులో గట్టి పండు కొరకలేక ఒక గాటు పెట్టి పారేస్తారు, మనమేమో ఇష్టం లేదనుకుంటాం. ఇంటి నుంచి బాక్సు తెచ్చుకునే చోట, తినగా మిగిలినదాన్ని స్కూల్లో పారేయకుండా బాక్సులోనే ఇంటికి పంపండి. అప్పుడే ఎంత పెట్టాలో అమ్మానాన్నలకు తెలుస్తుంది. సీలు తీయని పాల ప్యాకెట్లు, తొక్క తీయని పండ్లు ఇష్టం లేనివాళ్లు పెట్టడానికి, కావాల్సినవాళ్లు తీసుకోవడానికి ఒక బల్ల వేయండి. చల్లగా ఉంచాల్సినవి చల్లగానే ఉంచాలి, విప్పినవి ఆ బల్ల మీదికి రాకూడదు.

రోజూ మిగిలినది తూచి ఆ అంకెను వంటవాళ్లకు చెప్పండి. నింద వేసినట్టు కాకుండా, "ఇవాళ ఈ కూర ఇంత మిగిలింది" అని. ఒక వంటగదిలో ఇలా రాయడం మొదలుపెట్టాక వంటమనిషే ముందుకొచ్చి, ఏ రోజు ఎంతమంది రాలేదో పొద్దున్నే చెప్తే తగ్గించి వండుతానన్నారు. హాజరు సంఖ్య పది గంటలకు వంటగదికి చేరడం, అంతే. చాలా మిగులు అక్కడే ఆగిపోయింది.

ఇన్ని చేశాక కూడా తొక్కలు, ఎంగిలి మిగులుతాయి. వాటికి కంపోస్టు. అది విఫలమయ్యేది సాధారణంగా ఒకే కారణంతో: తడి ఎక్కువై, పొడి తక్కువ కావడం. సూక్ష్మజీవులకు నైట్రోజన్ ఒక పాలుంటే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు కావాలి. నైట్రోజన్ తడి చెత్తలో, కార్బన్ ఎండుటాకుల్లో ఎక్కువ. కొలతలో చెప్పాలంటే ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు. మీ ఆవరణలో చెట్లుంటే ఊడ్చిన ఆకులను ఇక కాల్చకండి, పారేయకండి. సంచుల్లో నింపి దాచుకోండి, అవి మీకు బంగారం. గుప్పిట్లో తీసి పిండితే చేతికి తడి అంటాలి కానీ నీళ్లు ధారగా కారకూడదు. కుళ్లిన వాసన వస్తోందంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం, తిరగేసి ఎండుటాకులు కలపండి. ఏ మార్పూ లేకుండా అలాగే పడి ఉందంటే పొడిగా ఉందని, నీళ్లు చల్లండి. కుప్ప మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటేనే లోపల వేడి నిలుస్తుంది. 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు ఉంటే కలుపు విత్తనాలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి. పొడవాటి థర్మామీటర్ గుచ్చి రోజూ రాయడం పిల్లలకు ఎంత ఇష్టమో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

మాంసం, ఎముకలు, పాల పదార్థాలు, నూనె ఎక్కువున్నవి స్కూలు కుప్పలో వేయించకండి. ఎలుకలు ఒక్కసారి వచ్చాయంటే తల్లిదండ్రుల ఫిర్యాదుతో మొత్తం పథకమే మూతపడుతుంది. వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకులు కప్పాలి. సెలవుల్లో ఎవరు చూస్తారో ముందే రాసి పెట్టుకోండి. వాచ్‌మన్, తోటమాలి లాంటివాళ్లతో మాట్లాడి, అది వాళ్ల పనిలో లెక్కలోకి వచ్చేలా చూడండి. నేను చూసిన కంపోస్టు కుప్పల్లో ఎక్కువ భాగం చచ్చిపోయింది ఎండాకాలం సెలవుల్లోనే.

కాగితం దగ్గరికి వద్దాం. కాగితంలోని పీచు రీసైకిల్ చేసిన ప్రతిసారీ పొట్టిదవుతుంది. సుమారు ఐదు నుంచి ఏడుసార్ల తర్వాత ఇక కాగితంగా నిలబడదు. అందుకే పాత కాగితాన్ని ఎంత జాగ్రత్తగా ఇచ్చినా కొత్త పీచు కొంత కలపాల్సే వస్తుంది. ముందు వాడకం తగ్గించండి. ప్రింటర్‌లో రెండువైపులా ప్రింట్ అయ్యేలా ఒకసారి సెట్ చేసి వదిలేస్తే చాలు, ఎవరికీ మళ్లీ చెప్పక్కర్లేదు. ప్రతి ప్రింటర్ పక్కన ఒకవైపు ఖాళీ ఉన్న కాగితాల ట్రే ఉండాలి. సర్క్యులర్లు ఫోన్‌లో పంపండి. ఫోన్ లేని ఇళ్లకు మాత్రం కాగితం ఇవ్వండి, వాళ్లను వదిలేయకూడదు. ఏడాది చివర నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చించి కుట్టిస్తే వచ్చే ఏడాదికి రఫ్ బుక్కులు సిద్ధం. టిష్యూలు, లామినేట్ చేసినవి, మెరుపుల కాగితం, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులు కాగితం డబ్బాలోకి రాకూడదు. జ్యూస్, పాల అట్టడబ్బాలు కూడా ఇంతే. చూడటానికి అట్టలాగే ఉంటాయి కానీ అందులో అట్ట దాదాపు 75 శాతమే. మిగతాది పాలిథిన్, పల్చటి అల్యూమినియం పొర. వాటిని విడదీసే మిల్లు మీ సరుకు వెళ్లే దారిలో ఉంటేనే వాటికి వేరే డబ్బా పెట్టండి.

ప్లాస్టిక్ అడుగున త్రికోణంలో కనిపించే అంకెను చూసి ఇది రీసైకిల్ అవుతుందని చాలామంది టీచర్లే పిల్లలకు చెప్తున్నారు. అది తప్పు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ మొదలుపెట్టిన ఆ అంకె ఏ రకం ప్లాస్టికో చెప్తుంది, అంతే. 1 అంటే నీళ్ల సీసాల పెట్, 2 అంటే గట్టి డబ్బాల హెచ్‌డీపీఈ, వీటికి చాలాచోట్ల కొనేవాళ్లుంటారు. 5, పాలీప్రొపిలీన్, కొన్నిచోట్ల తీసుకుంటారు. 6 అంటే పాలీస్టైరిన్, మన థర్మాకోల్ అదే, దాన్ని తీసుకునేవాళ్లు అరుదు. చిరుతిళ్ల రేపర్లు రెండు మూడు పొరలు అతికించి చేసినవి, వాటిని విడదీయడం దాదాపు కుదరదు. 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో అచ్చైన ఒక పరిశోధన లెక్క కట్టింది. ఆ అంకె చూశాక నేను ప్లాస్టిక్ డబ్బా మీద ఆశ తగ్గించుకుని నీళ్ల కుళాయి మీద పెట్టాను. పిల్లలు సీసా నీళ్లు కొనేది స్కూలు నీళ్లు బాగుండవన్న అనుమానంతో. నీళ్లు పరీక్ష చేయించి ఆ రిపోర్టు కుళాయి పక్కనే అతికించండి, కుళాయి చుట్టూ శుభ్రంగా ఉంచండి, సీసా పెట్టుకుని నింపుకోవడానికి వీలైన ఎత్తులో పెట్టించండి. 'కంపోస్ట్ అవుతుంది' అని రాసిన ప్లాస్టిక్ కప్పులకు మారదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అందులో ఎక్కువగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ కుళ్లి ఎరువు కావడానికి 60 డిగ్రీల దగ్గర వేడి వారాలపాటు నిలబడే పెద్ద ప్లాంటు కావాలి. మీ పెరటి కుప్పలో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఇప్పుడు మనకు, అంటే టీచర్లకు, కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. స్కూల్లో చెత్త కొంత మనమే పుట్టిస్తున్నాం. సైన్స్ ప్రాజెక్టు అనగానే థర్మాకోల్ షీటు, మెరుపు కాగితం, కొత్త చార్టు. మార్కులు వేశాక అది స్టాఫ్ రూమ్ మూలన నెల రోజులుండి చెత్తలోకి. 'వ్యర్థాలతో వస్తువులు' అని పోటీ పెడితే ఇంట్లో ఖాళీ సీసా లేని పిల్లలు నిండు సీసా కొని ఖాళీ చేసి తెస్తున్నారు. ఏ తరగతి ఎక్కువ ప్లాస్టిక్ తెస్తే ఆ తరగతికి బహుమతి అన్నచోట కూడా ఇదే జరగడం నా కళ్లతో చూశాను. పోటీ పెట్టాలనుకుంటే ఏ తరగతి డబ్బా తేలిగ్గా ఉందో దాని మీద పెట్టండి. ప్రాజెక్టులకు మట్టి, పాత అట్టపెట్టెలు మాత్రమే అని ఒక నియమం పెడితే డబ్బున్న ఇంటి పిల్లలకూ లేని ఇంటి పిల్లలకూ మధ్య తేడా కూడా తగ్గుతుంది. వార్షికోత్సవం బ్యానర్ మీద ఏడాది వేయకండి, గుడ్డ మీద రాయించి ప్రతి ఏటా వాడండి.

డబ్బాల గురించి ఇప్పుడు మాట్లాడొచ్చు. ఎక్కడా ఒంటరి డబ్బా ఉండకూడదు. ఒక్కటే ఉంటే అందులో అన్నీ పడతాయి. రెండైనా మూడైనా జతగా, స్కూలంతా ఒకే రంగు, ఒకే వరస. మూతల ఆకారం మార్చండి: కాగితానికి సన్నని చీలిక, సీసాలకు గుండ్రటి రంధ్రం. చెయ్యి ఆగి ఒక్క క్షణం ఆలోచిస్తుంది. బొమ్మలు వేసే బదులు మీ స్కూల్లో నిజంగా పడేసే వస్తువులనే, అదే రేపరు, అదే సీసా, బోర్డు మీద అతికించి పిల్లల కళ్లెత్తులో పెట్టండి. తరగతి గదిలో కాగితం పెట్టె ఒక్కటి చాలు, తిండి చెత్త గదిలోకే రాకూడదు. దానికి గదిలో తినే అలవాటు మానాలి.

డబ్బాల్లో నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే పనిచేసింది మామూలు బకెట్టే. భోజనాల చోట డబ్బాల వరసలో మొదట ఒక బకెట్ పెట్టండి, మిగిలిన జ్యూస్, పాలు, నీళ్లు అందులో ఒంపడానికి. ఒంపాకే సీసా సీసాల డబ్బాలోకి. కాగితం తడిసేది, సంచులు బరువెక్కేది, కంపు కొట్టేది ఈ ద్రవాలతోనే. మొదటి రెండు వారాలు పై తరగతుల పిల్లలు ఇద్దరేసి చొప్పున అక్కడ నిలబడి చిన్నవాళ్లకు చూపించాలి. తిట్టడానికి, పేర్లు రాయడానికి మాత్రం కాదు. ఎవరైనా తప్పుగా వేస్తే సరైన డబ్బా చూపిస్తే చాలు.

కొన్నిటి జోలికి పిల్లలు అసలు పోకూడదు. శానిటరీ ప్యాడ్లకు ఆడపిల్లల టాయిలెట్లలో మూత ఉన్న వేరే డబ్బా, చుట్టడానికి కాగితం పెట్టండి. దాన్ని రోజూ ఖాళీ చేయించాలి. ఎల్ఈడీ కాని పాత రకం ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలకుండా వాటి అట్టపెట్టెలోనే దాచాలి. లిథియం బ్యాటరీలు నలిగితే మంటలు వస్తాయి, కొసలకు టేపు వేసి వేరుగా ఉంచండి. గుండీల్లా ఉండే బ్యాటరీలు ఇంకా ప్రమాదం, పిల్లవాడు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాటి సేకరణ పెట్టె ఆఫీసులో, తాళం కింద ఉండాలి. ల్యాబ్ రసాయనాలు ల్యాబ్ టీచర్ బాధ్యత.

రీసైక్లింగ్‌కు ఇచ్చిన బరువు పెరిగిందని సంతోషించకండి. అది పెరగడమంటే కొనడం పెరిగిందని కూడా కావచ్చు. ఒక్కో పిల్లకు రోజుకు మొత్తం ఎన్ని గ్రాముల చెత్త, అందులో ఎటూ పనికిరాకుండా పోయింది ఎంత, ఈ రెండు అంకెలే గేటు దగ్గర బోర్డు మీద నెలకోసారి రాయండి. కాగితం అమ్మితే వచ్చే డబ్బు కొంచెమే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసే సిబ్బందికి ఇవ్వండి, లేదా వాళ్లు చెప్పిన వస్తువు కొనండి. బాధ్యత ఒక్క టీచర్ మీద పెట్టకండి, ఆ టీచర్ మారిన రోజే పని ఆగుతుంది. ముగ్గురైనా ఉండాలి, వాళ్లలో ఒకరు ఆఫీసు సిబ్బంది అయితే మంచిది. ఫోన్ నంబర్లు, బండి వచ్చే రోజులు, తూకాలు అన్నీ ఒకే పుస్తకంలో ఉండాలి.

యంత్రం విషయం. 24 గంటల్లో కంపోస్టు అని అమ్మేవాటిలో చాలావరకు తిండిని వేడిచేసి, ఎండబెట్టి, పొడి చేస్తాయి. చేతికొచ్చేది గోధుమరంగు పొడి, ఎరువు కాదు. తడి తగిలితే అది మళ్లీ కుళ్లడం మొదలవుతుంది, కొన్ని వారాలు మాగబెట్టాకే మొక్కలకు వేయాలి. కరెంటు, మరమ్మతులు అదనం. చోటు బొత్తిగా లేని స్కూలుకు అది పనికొస్తుందేమో కానీ, మీకు మైదానం, చెట్లు ఉన్నాయని రాశారు కదా. ఆ డబ్బుతో రెండు అరల బండి, షెడ్డులో అడ్డుగోడలు, మంచి కాటా కొనండి. భోజనం టైం మార్చి, వడ్డన మార్చి, రెండు నెలల తర్వాత మళ్లీ మూడు రోజులు తూయండి. అప్పటికీ రోజుకు ఎన్ని కిలోల తిండి మిగులుతోందో ఆ అంకెతో, ఏ గది నుంచి ఎంత వచ్చిందో ఆ పట్టికతో నాకు రాయండి. ఎన్ని కంపోస్టు గుంటలు కావాలో, ఎక్కడ తవ్వాలో అప్పుడు కలిసి చూద్దాం.